స్కాట్లాండ్ చరిత్రను దారి వెంట చూడడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వేసవి వచ్చిందంటే స్కాట్లాండ్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాల ఇళ్లకు అమ్మానాన్నలు, అత్తమామలు, స్నేహితులు వస్తారు. ఎడిన్‌బరో కోట, లోఖ్ నెస్ సరస్సు చూసిన మరునాడే ఇంకెక్కడికి వెళ్దామన్న చర్చ మొదలవుతుంది. కారులో వెళ్లి ఈ దేశపు చరిత్రను చూడాలనుకునేవారు పదే పదే అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఉన్నాయి. అన్ని స్థలాలనూ చెప్పడం ఈ పుట ఉద్దేశం కాదు. ఏ దారిలో ఏది చూస్తే ఏది అర్థమవుతుందో చెప్పడమే ఉద్దేశం.

కారు తప్పనిసరిగా కావాలా? రైళ్లు, బస్సులతో కుదరదా?

ఎడిన్‌బరో, గ్లాస్గో, స్టర్లింగ్, ఇన్వర్‌నెస్ నగరాల వరకు రైలు హాయిగా సరిపోతుంది. ఫోర్ట్ విలియం నుంచి మలేగ్‌కు వెళ్లే రైలు మార్గమైతే కారు కంటే ఒక మెట్టు పైనే అనాలి, ఎందుకంటే గ్లెన్‌ఫినన్ దగ్గర 21 కమానుల కాంక్రీటు వంతెన మీదుగా వెళ్లే అనుభవం రైలులో కూర్చున్నవారికే దక్కుతుంది. అయితే పాడుబడిన పల్లెలు, రాతి వలయాలు, యుద్ధభూములు, ఒంటరి చర్చిలు చాలావరకు బస్సు వెళ్లని చోట్లే ఉన్నాయి. వెళ్లే బస్సు కూడా రోజుకు ఒకటో రెండో ఉంటుంది. చరిత్ర కోసమే వచ్చినవారికి కారు ఉంటేనే మేలు.

భారతదేశపు డ్రైవింగ్ లైసెన్సు చెల్లుతుందా?

సందర్శకులుగా వచ్చినవారు తమ భారతీయ లైసెన్సుతో 12 నెలల వరకు చిన్న వాహనాలు నడపవచ్చు. ఇక్కడ కూడా మన దేశంలో లాగే ఎడమవైపే నడపాలి కాబట్టి అమెరికా నుంచి వచ్చినవారి కంటే మనకు అలవాటు పడడం సులువు. లైసెన్సు మీద వివరాలు ఆంగ్ల లిపిలో లేకపోతే అంతర్జాతీయ పర్మిట్ తెచ్చుకోవడం మంచిది. కారు అద్దెకిచ్చే సంస్థలు వయసు గురించి, లైసెన్సు ఎన్నేళ్ల పాతదన్న దాని గురించి, క్రెడిట్ కార్డు గురించి సొంత షరతులు పెడతాయి. కారును ఓడ ఎక్కించి దీవులకు తీసుకెళ్లాలంటే ముందే అనుమతి అడగాలి.

వేగ పరిమితుల బోర్డులు మైళ్లలో ఉంటాయన్నది మరచిపోకూడదు. బోర్డు మీద 60 అని ఉంటే అది గంటకు సుమారు 97 కిలోమీటర్లు. ఏ9 రహదారిలో డన్‌బ్లేన్ నుంచి ఇన్వర్‌నెస్ వరకు సగటు వేగాన్ని లెక్కగట్టే కెమెరాలు ఉన్నాయి, కాబట్టి కెమెరా కనిపించినప్పుడు మాత్రమే బ్రేకు వేసే మన అలవాటు అక్కడ పనిచేయదు. టోల్ గేట్లు మాత్రం స్కాట్లాండ్‌లో ఎక్కడా లేవు. 12 ఏళ్లు లేదా 135 సెంటీమీటర్ల ఎత్తు, ఏది ముందు వస్తే అది దాటే దాకా పిల్లలకు ప్రత్యేక సీటు తప్పనిసరి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటామంటే కుదరదు.

సింగిల్ ట్రాక్ రోడ్డు అంటే ఏమిటి? ఎదురుగా బండి వస్తే ఏం చేయాలి?

రెండు దిక్కులకూ కలిపి ఒకే వరుస ఉండే రోడ్డు అది. కొంతకొంత దూరంలో రోడ్డు పక్కకు ఉబ్బినట్టుగా కాస్త వెడల్పు ఉంటుంది. దాన్నే పాసింగ్ ప్లేస్ అంటారు. అది మీ ఎడమవైపు ఉంటే అందులోకి తప్పుకోవాలి. కుడివైపు ఉంటే రోడ్డు దాటి అటు వెళ్లకుండా దానికి ఎదురుగా మీ వైపే ఆగి, ఎదుటివారు అందులోకి తప్పుకునే వీలివ్వాలి. వెనుక ఎవరైనా తొందరలో ఉంటే వారికి కూడా దారి వదలాలి, ఎందుకంటే ఆ వెనుక వచ్చేది పనికి వెళ్తున్న స్థానిక నర్సో పోస్టుమనో కావచ్చు. దారిచ్చిన ప్రతి ఒక్కరికీ చేయెత్తి కృతజ్ఞత చెప్పడం అక్కడి మర్యాద. ఫొటోల కోసం పాసింగ్ ప్లేస్‌లో కారు నిలిపి దిగిపోవడం మాత్రం పర్యాటకుల మీద స్థానికులకు ఉన్న ప్రధాన ఫిర్యాదు, అది న్యాయమైన ఫిర్యాదు కూడా.

ఏ నెలల్లో రావడం మంచిది?

మే నెల, సెప్టెంబరు మొదటి సగం అన్నది మా అభిప్రాయం. జూన్‌లో ఇన్వర్‌నెస్ దగ్గర పగలు 18 గంటలు ఉంటుంది, రాత్రి పదింటికి కూడా యుద్ధభూమిలో నడవవచ్చు. అయితే జూన్ నుంచి ఆగస్టు వరకు పశ్చిమ తీరంలో మిడ్జ్ అనే నుసిపురుగులు గుంపులుగా వచ్చి కుడతాయి. గాలి ఆగిన సాయంత్రాల్లో వాటి బాధ మరీ ఎక్కువ. డిసెంబరులో పగలు ఏడు గంటలైనా ఉండదు, చాలా కోటలు, మ్యూజియాలు చలికాలమంతా మూసి ఉంటాయి, ఎత్తైన కనుమల్లో మంచు పడితే రోడ్లకు అడ్డంగా గేట్లు వేస్తారు.

మొదటిసారి వచ్చేవారు ఏ దారి ఎంచుకోవాలి?

అయిదారు రోజులు ఉన్నవారికి ఎడిన్‌బరోలో మొదలై అక్కడికే తిరిగి వచ్చే ఈ దారిని సూచిస్తాం. ముందు స్టర్లింగ్ వెళ్లాలి. ఫోర్త్ నదిని సులువుగా దాటగలిగిన చోటు శతాబ్దాల పాటు అదొక్కటే కావడంతో స్టర్లింగ్ ఎవరి చేతిలో ఉంటే స్కాట్లాండ్ వారి చేతిలో ఉన్నట్టు లెక్క. ఇంగ్లండ్ సైన్యాల మీద 1297లో విలియం వాలెస్, ఆండ్రూ మరే కలిసి గెలిచిన స్టర్లింగ్ వంతెన యుద్ధమూ, 1314లో స్కాట్లాండ్ రాజు రాబర్ట్ బ్రూస్ గెలిచిన బానక్‌బర్న్ యుద్ధమూ ఈ కోట కనుచూపు మేరలోనే జరిగాయి. రెండు రోజులకు సరిపడా సమాచారం ఆ ఒక్క ఊళ్లో ఉంది. ఎడిన్‌బరో కోట, స్టర్లింగ్ కోటల్లో ఒక్కటే చూసే వీలుంటే మేము స్టర్లింగ్‌నే ఎంచుకుంటాం. ఎడిన్‌బరో అభిమానులు మన్నించాలి.

అక్కడి నుంచి ఏ84, ఏ85 మీదుగా వెళ్లి, ఏ82లో కలిసి గ్లెన్‌కో లోయ దాటి ఫోర్ట్ విలియం చేరాలి. మరునాడు గ్లెన్‌ఫినన్ చూసి, ఆపై అదే ఏ82లో లోఖ్ నెస్ ఒడ్డున ఉన్న అర్కర్ట్ కోట మీదుగా ఇన్వర్‌నెస్ వెళ్లాలి. కల్లోడెన్ యుద్ధభూమి అక్కడికి దగ్గర. తిరుగు ప్రయాణం ఏ9లో. ఫోర్ట్ విలియం నుంచి ఇన్వర్‌నెస్ 66 మైళ్లే కదా, గంటలో వెళ్లిపోదామనుకోవద్దు. ఆ దారిలో అది దాదాపు రెండు గంటల ప్రయాణం, ఆగుతూ వెళ్తే ఒక పూట.

ఈ కొండల్లో ఇన్ని రోడ్లు ఎవరు, ఎందుకు వేశారు?

అడిగేవారు తక్కువే అయినా, అన్నింటికంటే ముందు అడగవలసిన ప్రశ్న ఇదే. హైలాండ్స్ అని పిలిచే ఉత్తర, పశ్చిమ కొండ ప్రాంతంలో మొదటి రహదారులను పర్యాటకుల కోసమో వర్తకం కోసమో వేయలేదు, సైన్యం కోసం వేశారు. సింహాసనం కోల్పోయిన స్టూవర్ట్ వంశాన్ని తిరిగి గద్దెనెక్కించాలని జాకబైట్లు 1715లోను, 1719లోను తిరగబడ్డారు. దాంతో ఆ కొండల్లోకి సైనికులను వేగంగా పంపగలిగితే తప్ప పట్టు చిక్కదని లండన్ ప్రభుత్వానికి అర్థమైంది. 1724లో వచ్చిన జనరల్ జార్జ్ వేడ్ ఆ తరువాతి సంవత్సరాల్లో సైనికుల చేతనే సుమారు 250 మైళ్ల రోడ్లు వేయించాడు. 1733లో టే నది మీద ఆబర్‌ఫెల్డీ దగ్గర కట్టిన అయిదు కమానుల రాతి వంతెన మీదుగా నేటికీ కార్లు వెళ్తున్నాయి. ఆయన తరువాత మేజర్ విలియం కాల్‌ఫీల్డ్ ఇంకా ఎక్కువ రోడ్లు వేయించినా పేరు మాత్రం వేడ్‌కే దక్కింది. 1745లో మళ్లీ తిరుగుబాటు వచ్చినప్పుడు వేడ్ రోడ్ల మీద ముందుగా, వేగంగా నడిచి దక్షిణానికి దిగినది జాకబైట్ సైన్యమే కావడం విధి వేళాకోళం.

ఏ9లో వెళ్తూ కింగ్యూసీ దగ్గర పక్కకు చూస్తే మట్టిదిబ్బ మీద పైకప్పు లేని రుత్వెన్ సైనిక శిబిరం కనిపిస్తుంది. 1719లో కట్టడం మొదలుపెట్టి 1721లో ముగించిన ఆ శిబిరాన్ని 1746లో జాకబైట్లు తగలబెట్టారు. కల్లోడెన్‌లో ఓడిన తరువాత మిగిలినవారు గుమిగూడింది కూడా అక్కడే, ఎవరి దారి వారు చూసుకోండన్న కబురు అందుకుని చెదిరిపోయిందీ అక్కడే. ప్రవేశ రుసుము లేదు, కాపలాదారు లేడు. మేము వెళ్లినప్పుడల్లా గాలీ గొర్రెలూ తప్ప ఎవరూ ఉండరు.

1803 నుంచి థామస్ టెల్ఫోర్డ్ అనే ఇంజనీరు వేయించిన రోడ్లది మరో కథ. డంఫ్రీస్‌షైర్‌లో గొర్రెల కాపరి కొడుకుగా పుట్టి, తాపీపనితో బతుకు మొదలుపెట్టిన ఆ మనిషి హైలాండ్స్‌లో 900 మైళ్లకు పైగా రోడ్లు, వెయ్యికి పైగా వంతెనలు, 1822లో తెరిచిన కలడోనియన్ కాలువ కట్టించాడు. వలసపోతున్న జనాన్ని పని కల్పించి నిలపాలన్నది ఆ పథకం ఉద్దేశాల్లో ఒకటి.

ఏ83 రోడ్డు మీద రెస్ట్ అండ్ బీ థ్యాంక్‌ఫుల్ అనే కనుమ ఉంది. అలసి పైకెక్కినవారు విశ్రమించి దేవుడికి కృతజ్ఞత చెప్పుకోమని పాత దారి వేసిన సైనికులు అక్కడ రాయి మీద చెక్కిన మాటలే దాని పేరయ్యాయి. ఆ కొండ చరియలు తరచూ విరిగిపడి కొత్త రోడ్డు మూతపడినప్పుడు వాహనాలను పంపించేది కింద లోయలో ఉన్న ఆ 18వ శతాబ్దపు సైనికుల దారి మీదుగానే.

గ్లెన్‌కోలో ఏం జరిగింది?

దారి పొడవునా నిటారుగా నల్లటి కొండలు, వాటి మీది నుంచి జారే సన్నని జలపాతాలు చూసి అందరూ ఫొటోలు తీసుకుంటారు. చరిత్ర తెలిసినవారికి ఆ లోయ ఇంకోలా కనిపిస్తుంది. స్టూవర్ట్ రాజు స్థానంలో గద్దెనెక్కిన విలియం రాజుకు విధేయత ప్రకటిస్తూ 1692 జనవరి 1 లోగా ప్రమాణం చేయాలని వంశ నాయకులందరికీ ఆజ్ఞ వెళ్లింది. గ్లెన్‌కో మక్‌డొనాల్డ్‌ల పెద్ద అయిన మకియన్ గడువు చివరి రోజుల్లో ఫోర్ట్ విలియం వెళ్లాడు. అక్కడి అధికారి ప్రమాణం చేయించే అధికారం తనకు లేదని ఇన్వరేరీకి పంపాడు. మంచులో అంత దూరం నడిచి వెళ్లి ప్రమాణం చేసేసరికి జనవరి 6 అయింది. ఆ ఆలస్యాన్నే సాకుగా తీసుకుని, స్కాట్లాండ్ వ్యవహారాల కార్యదర్శి జాన్ డాల్‌రింపుల్ ఆ వంశాన్ని నిర్మూలించే పథకం వేశాడు, రాజు సంతకం చేశాడు.

కాంప్‌బెల్ వంశీయుడైన కెప్టెన్ రాబర్ట్ నాయకత్వంలో సుమారు 120 మంది సైనికులు ఆ లోయకు వచ్చారు. పన్నెండు రోజుల పాటు మక్‌డొనాల్డ్‌ల ఇళ్లలోనే ఉండి, వారు పెట్టింది తిని, వారితో పేకాడారు. ఫిబ్రవరి 13 తెల్లవారుజామున లేచి తమకు అన్నం పెట్టినవారినే చంపారు. 38 మంది ఆ ఉదయమే చనిపోయారు, మంచు తుపానులో కొండల్లోకి పారిపోయినవారిలో మరికొందరు చలికి చనిపోయారు. చావుల సంఖ్య ఇంతకంటే ఎక్కువైన యుద్ధాలు ఆ దేశంలో ఎన్నో జరిగినా, ఇదే ఇంకా మండుతూ ఉండడానికి కారణం మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు, తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడమన్న సామెత మన దగ్గర ఉంది. నమ్మించి చేసిన హత్యకు నాటి స్కాట్లాండ్ చట్టంలో వేరే పేరు, మరింత తీవ్రమైన స్థానం ఉండేవి. గ్లెన్‌కో పల్లెలో స్మారక శిలువ ఉంది, ఏటా ఫిబ్రవరి 13న అక్కడ పూలు ఉంచుతారు. చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ కేంద్రం దగ్గర ఆ కాలపు మట్టిపెళ్లల ఇంటిని తిరిగి కట్టి చూపిస్తున్నారు. అది తప్పకుండా చూడాలి, ఎందుకంటే లోయలో అసలు ఇళ్లు ఏవీ మిగల్లేదు.

కల్లోడెన్ అంటే స్కాట్లాండ్‌కు, ఇంగ్లండ్‌కు మధ్య జరిగిన యుద్ధమేనా?

కాదు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు. 1746 ఏప్రిల్ 16న అక్కడ తలపడినది స్టూవర్ట్ వంశపు రాకుమారుడు చార్లెస్ ఎడ్వర్డ్ పక్షాన ఉన్న జాకబైట్లు, కంబర్లండ్ డ్యూక్ నాయకత్వంలోని ప్రభుత్వ సైన్యం. ఆ ప్రభుత్వ సైన్యంలో స్కాట్లాండ్ దళాలు కూడా ఉన్నాయి, కొన్ని కుటుంబాల్లో మనుషులు చెరోవైపు నిలిచారు. గంట లోపే యుద్ధం ముగిసింది. జాకబైట్లలో సుమారు 1,500 మంది, ప్రభుత్వ సైన్యంలో దాదాపు 50 మంది చనిపోయారు. బురదనేలలో కత్తులతో పరుగెత్తినవారిని ఫిరంగులు ఎలా నిలువరించాయో ఆ మైదానంలో నడిస్తేనే అర్థమవుతుంది, కాబట్టి వాన పడుతున్నా సరే బూట్లు వేసుకుని రెండు సైన్యాల వరుసలను సూచించే జెండాల మధ్య నడవండి. మైదానంలో నడవడానికి డబ్బు కట్టనక్కర్లేదు, ప్రదర్శనశాలకు మాత్రం టికెట్టు ఉంది. వంశాల పేర్లు చెక్కిన సమాధి రాళ్లు 1881లో పెట్టినవి. వాటి మీద అడుగు పెట్టకండి, అవి నిజమైన సామూహిక సమాధులు.

యుద్ధం తరువాత హైలాండ్ దుస్తులను నిషేధిస్తూ చట్టం వచ్చింది, అది 1782 దాకా రద్దు కాలేదు. అక్కడికి దగ్గరలోనే సముద్రతీరాన ఫోర్ట్ జార్జ్ అనే కోట ఉంది. మళ్లీ తిరుగుబాటు రాకూడదని 1748లో మొదలుపెట్టి 1769 దాకా కట్టారు, కానీ అది పూర్తయ్యేసరికి తిరగబడేవారే మిగల్లేదు.

లోయలు ఇంత ఖాళీగా, ప్రశాంతంగా ఎందుకున్నాయి? అక్కడ ఎప్పుడూ జనం లేరా?

ఉన్నారు. ఆ ఖాళీ ప్రకృతి ఇచ్చినది కాదు, మనుషులు చేసినది. 18వ శతాబ్దం చివరి నుంచి 19వ శతాబ్దం మధ్య వరకు భూస్వాములు తమ లోయల్లోని కౌలు కుటుంబాలను వెళ్లగొట్టి, ఆ భూములను గొర్రెల మందలకు అద్దెకిచ్చారు. దీన్నే హైలాండ్ క్లియరెన్సెస్ అంటారు. సదర్లాండ్ ప్రాంతంలో ఇది పెద్ద ఎత్తున జరిగింది. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇళ్ల పైకప్పులకు నిప్పు పెట్టించాడన్న ఆరోపణ మీద ఎస్టేటు ప్రతినిధి పాట్రిక్ సెల్లార్‌ను 1816లో ఇన్వర్‌నెస్‌లో విచారించి నిర్దోషిగా వదిలేశారు. వెళ్లగొట్టినవారిని సముద్రతీరపు రాతినేలలకు తరలించి చేపలు పట్టుకోమన్నారు. ఎందరో కెనడా ఓడలెక్కారు.

ఏ9 మీద ఉత్తరానికి వెళ్తుంటే గోల్స్పీ దగ్గర బెన్ వ్రాగీ కొండ మీద ఆకాశానికి ఆనినట్టు మొదటి సదర్లాండ్ డ్యూక్ విగ్రహం కనిపిస్తుంది. పీఠంతో కలిపి దాని ఎత్తు సుమారు 100 అడుగులు. కిందనే ఆ కుటుంబానికి చెందిన 189 గదుల డన్‌రాబిన్ కోట ఉంది. కోట నిజంగా అందంగానే ఉంటుంది, చూడవద్దని అనము. కానీ కోట చూసినవారు ఆ పూటే మరికొంత ఉత్తరాన ఉన్న హెల్మ్స్‌డేల్ దాకా వెళ్లి, అక్కడి వలసపోయిన కుటుంబం విగ్రహాన్ని కూడా చూడాలి. అంతకంటే మనసును పట్టేసేది ఆర్డ్‌గే నుంచి సింగిల్ ట్రాక్ రోడ్డులో పది మైళ్లు లోపలికి వెళ్తే వచ్చే క్రోయిక్ చర్చి. 1845లో గ్లెన్‌కాల్వీ నుంచి వెళ్లగొట్టిన కుటుంబాలు చర్చిలోకి వెళ్లకుండా సమాధుల మధ్య గుడారం వేసుకుని తలదాచుకున్నాయి. కిటికీ అద్దాల మీద వారు గీసిన ఆంగ్ల వాక్యాలు ఇప్పటికీ చదవడానికి వీలుగా ఉన్నాయి. వాటిలో ఒకచోట తమను తామే పాపిష్టి తరంగా రాసుకున్నారు. తమకు జరిగినది తమ పాపానికి శిక్ష అని వారు నమ్మడం చదివి మా బృందంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

స్కై దీవికి వెళ్లేవారు కూడా ఈ కథలో మరో అధ్యాయాన్ని చూడవచ్చు. పోర్ట్రీకి దక్షిణాన బ్రేస్ అనే చోట 1882లో మేత భూమి హక్కు కోసం కౌలుదార్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, గ్లాస్గో నుంచి వచ్చిన సుమారు 50 మంది పోలీసులను రాళ్లతో ఎదుర్కొన్నారు. ఆ అలజడి ఫలితంగా 1883లో నేపియర్ విచారణ సంఘం, 1886లో చిన్న కౌలుదార్లకు భూమి మీద భద్రత, న్యాయమైన కౌలు ఇచ్చే చట్టం వచ్చాయి. పర్యాటకులు ఎగబడే ఫెయిరీ పూల్స్ అనే నీటి మడుగుల దగ్గర కారు నిలిపే చోటు దొరకని రోజున కూడా బ్రేస్ స్మారకం దగ్గర ఖాళీగానే ఉంటుంది.

తెలుగు నేలతో సంబంధం ఉన్న స్థలాలు ఏవైనా ఉన్నాయా?

ఉన్నాయి, కాకపోతే వెతికి చూడాలి. రాయలసీమ వారికి మన్రో పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. నిజాం 1800లో కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి 1807 దాకా పనిచేసి, రైతుతో నేరుగా శిస్తు ఒప్పందం చేసుకునే రైతువారీ పద్ధతిని నిలబెట్టిన థామస్ మన్రో 1761లో గ్లాస్గోలో పుట్టాడు. మద్రాసు గవర్నరుగా ఉండగా 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చారన్న కథ నేటికీ చెప్పుకుంటారు. ఆయన చదివిన గ్లాస్గో విశ్వవిద్యాలయం అప్పట్లో హై స్ట్రీట్‌లో ఉండేది, ఇప్పుడు పర్యాటకులు చూసే భవనాలు 1870 నాటివి. అయితే హై స్ట్రీట్ ఎగువన ఉన్న గ్లాస్గో కథీడ్రల్ ఆయన చిన్నప్పుడు కూడా అక్కడే ఉంది. గుత్తి, అనంతపురం రైతులతో మన్రో లెక్కలు కుదుర్చుకుంటున్న ఆ ఏళ్లలోనే ఆయన స్వదేశపు ఉత్తర లోయల్లో రైతులను వెళ్లగొడుతున్నారన్నది మాకు ఎప్పుడూ గుర్తుకొచ్చే విషయం. శిస్తు భారం రాయలసీమలో కూడా తక్కువేమీ కాదు, అది వేరే చర్చ.

మన ఊళ్ల కైఫియత్తులను, అంటే స్థానిక చరిత్ర వివరాలను, సేకరింపజేసిన కాలిన్ మెకంజీ 1754 ప్రాంతంలో లూయిస్ దీవిలోని స్టోర్నొవేలో పుట్టాడు. ఏలూరుకు చెందిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు లేకపోతే ఆయన సేకరణ సాగేది కాదు. అమరావతి స్తూపాన్ని 18వ శతాబ్దం చివర్లో చూసి నమోదు చేసినవాడు కూడా ఆయనే. అల్లపూల్ నుంచి ఓడలో మూడు గంటల లోపే స్టోర్నొవే చేరవచ్చు. అదే దీవిలో సుమారు 5,000 ఏళ్ల నాటి కలనిష్ రాతి వలయం ఉంది. సామర్లకోటలో తోట పెంచి, కోరమాండల్ తీరపు మొక్కల బొమ్మలు గీయించిన విలియం రాక్స్‌బర్గ్ 1815లో ఎడిన్‌బరోలో చనిపోయాడు, ఆయన సమాధి గ్రేఫ్రయర్స్ శ్మశానంలో ఉంది. అక్కడికి వచ్చేవారందరూ గేటు దగ్గరి బాబీ అనే కుక్క విగ్రహాన్ని చూసి వెళ్లిపోతారు.

తెలుగు నేలకు సంబంధించినది కాకపోయినా మరో వింత చెప్పాలి. ఇన్వర్‌నెస్‌కు ఉత్తరాన, ఏ9కు దగ్గరలో, ఫైరిష్ కొండ మీద 18వ శతాబ్దపు కమానులు నిలబడి ఉన్నాయి. 1781లో డచ్చివారి నుంచి నాగపట్నాన్ని గెలిచిన హెక్టర్ మన్రో అనే సేనాని ఆ ఊరి కోట ద్వారాన్ని తలపించేలా కట్టించిన స్మారకమది. స్థానికులకు పని కల్పించడానికే కట్టించాడని చెప్పుకుంటారు. పైకి ఎక్కడానికి అడవి దారిలో గంటకు పైగా పడుతుంది.

మన్రోలు ఎక్కుతున్నామని ఇక్కడివారు అంటుంటారు. అవి థామస్ మన్రో పేరు మీద ఉన్న కొండలా?

కాదు. 3,000 అడుగులకు పైబడిన శిఖరాల జాబితాను 1891లో ప్రచురించిన హ్యూ మన్రో పేరు మీదుగా వాటిని అలా పిలుస్తారు. ప్రస్తుత లెక్కలో అవి 282.

నార్త్ కోస్ట్ 500 దారిలో వెళ్లాలా?

ఇన్వర్‌నెస్ కోటలో మొదలై అక్కడే ముగిసే 516 మైళ్ల ఈ చుట్టుదారిని 2015లో ప్రచారంలోకి తెచ్చారు. అందులో అతిశయోక్తి లేదు, దృశ్యాలు అద్భుతం. కానీ మూడు రోజుల్లో చుట్టేయాలనుకునేవారు దయచేసి మానుకోండి. సింగిల్ ట్రాక్ రోడ్ల మీద రోజుకు 170 మైళ్లంటే కారు అద్దం తప్ప మరేమీ చూడరు. కనీసం ఏడు రోజులు ఉండాలి, లేదంటే సగమే చేయాలి. ఆపిల్‌క్రాస్‌కు వెళ్లే బ్యాలఖ్ న బా, అంటే ఆవుల కనుమ, 626 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. కొత్తగా నేర్చుకున్నవారు, పెద్ద బండ్లవారు వెళ్లవద్దని కిందనే బోర్డు ఉంది. మన తిరుమల ఘాట్ రోడ్డులో నడిపిన అనుభవం ఉందని ధైర్యపడేవారు, అక్కడ ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు అని గుర్తుంచుకోవాలి. ఇక్కడ రెండూ ఒకటే, వెడల్పు ఒక కారుకే. డ్రైవింగ్‌లో నమ్మకం లేకపోతే తీరం వెంట వెళ్లే మరో రోడ్డు ఉంది.

స్కై దీవికి వెళ్లే దారిలో ఉన్న ఎలాన్ డొనన్ కోట ఎన్నాళ్ల నాటిది?

చోటు 13వ శతాబ్దపుది, ఇప్పుడు కనిపించే కట్టడం 20వ శతాబ్దపుది. 1719లో జాకబైట్లకు సాయంగా వచ్చిన స్పెయిన్ సైనికులు అందులో ఉండగా రాజు నౌకలు దాన్ని పేల్చేశాయి. రెండు వందల ఏళ్లు శిథిలంగా పడి ఉన్న దానిని జాన్ మక్రే గిల్‌స్ట్రాప్ 1932 నాటికి తిరిగి కట్టించాడు. రాతి వంతెన కూడా అప్పటిదే. ఇది తెలిసి నిరాశపడేవారు ఉన్నారు గానీ, తమ వంశపు కోటను అంత కష్టపడి నిలబెట్టుకోవడం కూడా చరిత్రలో భాగమేనని మేము అనుకుంటాం.

దక్షిణాన చూడదగ్గవి లేవా?

ఉన్నాయి, పైగా రద్దీ తక్కువ. సరిహద్దు ప్రాంతంలో మెల్రోజ్, డ్రైబర్గ్, జెడ్‌బర్గ్, కెల్సో అనే నాలుగు మఠాల శిథిలాలను ఒకే రోజున చూడవచ్చు. 1136లో మొదటి డేవిడ్ రాజు స్థాపించిన మెల్రోజ్ మఠంలో రాబర్ట్ బ్రూస్ గుండెను పాతిపెట్టారని నమ్ముతారు. ఆయన దేహం మాత్రం డన్‌ఫర్మ్‌లిన్‌లో ఉంది. నవలాకారుడు వాల్టర్ స్కాట్ సమాధి డ్రైబర్గ్‌లో ఉంది.

ఓర్క్నీ దీవులకు అంత దూరం వెళ్లడం అవసరమా?

రెండు రోజులు మిగిలితే తప్పకుండా వెళ్లాలి. 1850లో వచ్చిన తుపాను ఇసుకను కొట్టుకుపోవడంతో బయటపడిన స్కారా బ్రే పల్లె సుమారు 5,000 ఏళ్ల నాటిది. రాతి మంచాలు, రాతి అలమరలు, పొయ్యిలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మన వంటింటి గూళ్లు చూసినట్టే ఉంటుంది. స్క్రాబ్‌స్టర్ నుంచి స్ట్రామ్‌నెస్‌కు ఓడలో గంటన్నర ప్రయాణం. వేసవిలో కారుకు చోటు ముందే బుక్ చేసుకోవాలి.

బోర్డుల మీద రెండు భాషల్లో పేర్లు ఎందుకు ఉంటాయి?

రెండోది గేలిక్. కొన్ని మాటలు నేర్చుకుంటే పటం చదవడం సరదాగా ఉంటుంది. గ్లెన్ అంటే లోయ, బెన్ అంటే కొండ, లోఖ్ అంటే సరస్సు, ఇన్వర్ అంటే నదీముఖం, డన్ అంటే కోట, కిల్ అంటే చాలాచోట్ల చర్చి. ఉత్తర కొసన మాత్రం నార్వే నుంచి వచ్చినవారి పేర్లు ఎక్కువ. దాదాపు దేశం పైఅంచున ఉన్న ప్రాంతానికి దక్షిణ భూమి అనే అర్థంలో సదర్లాండ్ అని పేరెందుకంటే, ఓర్క్నీ నుంచి చూసినవారికి అది దక్షిణమే మరి.

క్లాన్ (వంశం) అంటే మన ఇంటిపేరు లాంటిదా, గోత్రం లాంటిదా?

రెండూ పూర్తిగా సరిపోవు. ఒక నాయకుడి భూమిలో, ఆయన రక్షణలో ఉన్నవారు రక్తసంబంధం లేకపోయినా ఆయన ఇంటిపేరే పెట్టుకున్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ల బట్ట అనే కచ్చితమైన పద్ధతి చాలావరకు 19వ శతాబ్దంలో ఏర్పడింది, 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు వాల్టర్ స్కాట్ జరిపించిన ఉత్సవం దానికి ఊపునిచ్చింది. కాబట్టి మీకు నచ్చిన టార్టాన్ శాలువా కొనుక్కోవచ్చు, ఎవరూ తప్పుపట్టరు.

టికెట్లు ఎలా కొనాలి?

హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ చేతిలో 300కు పైగా స్థలాలు ఉన్నాయి. ఎడిన్‌బరో, స్టర్లింగ్, అర్కర్ట్ కోటలు, మెల్రోజ్ మఠం, స్కారా బ్రే వాటిలోవే. నాలుగైదు చూసేవారికి వారి పాస్ లాభం. కల్లోడెన్, గ్లెన్‌కో, బానక్‌బర్న్ 1931లో స్థాపించిన నేషనల్ ట్రస్ట్ ఫర్ స్కాట్లాండ్ చేతిలో ఉన్నాయి. దాని సభ్యత్వం వేరు. ఒకదాని పాస్ రెండోదానిలో చెల్లదు. రాజ్యాభిషేకపు రాయిని ఎడిన్‌బరో కోటలో వెతకకండి, 2024 నుంచి అది పెర్త్ మ్యూజియంలో ఉంది.

శాకాహారులకు దారిలో భోజనం దొరుకుతుందా?

ఊళ్లలో దొరుకుతుంది, మామూలుగా గొర్రె మాంసంతో చేసే హాగిస్ అనే స్థానిక వంటకాన్ని కూరగాయలతో చేసినా రుచిగానే ఉంటుంది. ఉత్తర తీరంలో మాత్రం రాత్రి ఎనిమిది దాటితే వంటిల్లు మూసేస్తారు. వంటగది ఉన్న బస తీసుకుని చిన్న రైస్ కుక్కర్ వెంట పెట్టుకోవడం మేము పాటించే పద్ధతి. ఆవకాయ, పొడులు తెచ్చుకోవచ్చు గానీ నెయ్యి, పాలకోవా, మాంసం పచ్చళ్లు భారతదేశం నుంచి తేవడానికి అనుమతి లేదు.

విస్కీ తయారీ కేంద్రంలో కాస్త రుచి చూసి నడపవచ్చా?

వద్దు. ఇక్కడి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తానికి 50 మిల్లీగ్రాములు, ఇంగ్లండ్ కంటే తక్కువ. నడిపేవారికి చిన్న సీసాలో పోసి ఇంటికి ఇచ్చే ఏర్పాటు చాలాచోట్ల ఉంది, అడగండి.

కారులోనే పడుకోవచ్చా? గుడారం ఎక్కడైనా వేసుకోవచ్చా?

2003 నాటి భూసంస్కరణ చట్టం నడిచి వెళ్లి చిన్న గుడారం వేసుకునే హక్కును అందరికీ ఇస్తుంది, కానీ ఆ హక్కు మోటారు వాహనాలకు వర్తించదు. లోఖ్ లోమండ్ పరిసరాల్లో కొన్నిచోట్ల మార్చి నుంచి సెప్టెంబరు వరకు గుడారానికి కూడా పర్మిట్ కావాలి. కాంపర్ వ్యాన్ తీసుకున్నవారు నిర్ణీత స్థలాల్లోనే రాత్రి ఆగాలి, వ్యాన్‌లోని మురుగును అక్కడి ప్రత్యేక తొట్టెల్లోనే ఖాళీ చేయాలి.